మెట్టు మీది బొడిపె

ముందు మా ఇంటి మెట్టు గురించి చెప్పాలి. అది చెప్పకుండా మొదలుపెడితే మిగతాదంతా నా నోటి దురుసు అనుకుంటారు. నాకు నోటి దురుసు ఉన్నమాట నిజమే. మా ఆయన్ని అడిగితే ఇంకో నాలుగు కలిపి చెబుతాడు. కానీ ఈ గొడవ నా నోటితో మొదలు కాలేదు, మెట్టుతో మొదలైంది.

వీధిగుమ్మం ముందు రాతిమెట్టు. దాని మూలన గోలీకాయంత ఇత్తడి బొడిపె. మా మామగారు పుట్టకముందెప్పుడో సర్వే ఆఫీసు వాళ్లు దాన్ని ఆ రాయిలో దిగేసి పోయారట. సముద్రమట్టానికి ఆ బొడిపె ఎంత ఎత్తున ఉందో ఆఫీసు పుస్తకంలో ఉంటుంది. ఈ తీరాన కరకట్ట కట్టినా, కాలువ తవ్వినా, ఎత్తు కొలవడం అక్కడి నుంచే మొదలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎత్తులు కొలిచే లెవెల్ మిషను భుజాన వేసుకుని నేను ఈ వీధికి వచ్చింది ఆ బొడిపె కోసమే. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. మెడలో టేపు వేసుకున్న ఒకావిడ బయటికొచ్చి, "కాలు చూసి పెట్టు, అది ఊరందరి మెట్టు" అంది. నాకు ఒళ్లు మండింది. సర్వే చదువుకుని వచ్చినదానికి ఈవిడ పాఠాలేమిటి అనుకున్నాను. ఆవిడ మంచినీళ్లిచ్చింది, ఎండలో నిలబడ్డానని గొడుగు తెచ్చి పట్టింది, గొడుగు కర్ర మిషనుకు తగిలిందని నేను కసిరితే పకపకా నవ్వింది. తర్వాత అదే మెట్టెక్కి ఆ ఇంటికి కోడలినయ్యాను. అందులో నా ప్రమేయం తక్కువ. ఆరోజు బస్సు డ్యూటీ లేక మా ఆయన ఇంట్లో ఉండబట్టి జరిగింది.

అత్తయ్యకి ఆ బొడిపె అంటే ప్రాణం. వారానికోసారి నిమ్మచెక్కతో తోమి మెరిపిస్తుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ దాని సంగతి చెబుతుంది. నాకూ ఆవిడకీ రోజుకో తగాదా ఉంటుంది, అది లేని రోజు ఇద్దరికీ అన్నం సయించదు. ఎక్కువ తగాదాలు చంక స్కేలు మీద. జాకెట్టు చంక కోత గీయడానికి వంపుగా ఉండే చెక్క స్కేలు అది. నేను ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద మ్యాపులు పరిచి చిత్తుగీతలు గీసుకునేటప్పుడు, పోటునీళ్ల పాయల వంపులకి అంత చక్కగా సరిపోయేది ఇంకోటి లేదు. "ఏమే, నా చంక స్కేలు మళ్లీ సముద్రం పాలు చేశావా?" అని వంటింట్లోంచి కేకేసేది.

ఇంతకీ నా పని ఏమిటంటే, తడినేలని తిరిగి తేవడం. సముద్రం ఏటేటా పైకొస్తోంది. పాత కరకట్ట ఇంకెన్నాళ్లో ఆగదు. ఎత్తు పెంచుకుంటూ పోదామంటే అడుగునున్న బురద ఆ బరువు మోయదు. అందుకని ఆ కట్టని రెండుచోట్ల మేమే కొట్టేసి, వెనకున్న బీడు పొలాల్లోకి పోటునీళ్లు రానిద్దాం అన్నది ఆలోచన. పోటుతో బురదనీళ్లు వస్తాయి, ఆటుకి నీళ్లు పోతాయి, బురద మిగులుతుంది. పొరమీద పొరగా నేల లేస్తుంది. ఉప్పుగడ్డి, మడచెట్లు మొలిచి అలల జోరు తగ్గిస్తాయి. వాటి వెనక కొత్త కట్ట. అయితే సముద్రం పైకొచ్చేకొద్దీ ఆ తడినేల కూడా వెనక్కి జరగాలి. జరగడానికి చోటు వదలకపోతే సముద్రానికీ కట్టకీ మధ్య నలిగి చస్తుంది.

కొత్త కట్ట ఎక్కడ అన్నదానికి రెండు గీతలు గీశాం. ముందు గీత మా వీధికి ముందు, సముద్రం వైపు నుంచి పోతుంది. అది కడితే వీధి మిగులుతుంది, తడినేలకి చోటు తక్కువ. వెనక గీత మా వీధికి వెనక నుంచి పోతుంది. అది కడితే తడినేలకి కావలసినంత చోటు, మా వీధి మాత్రం మొత్తం ఖాళీ చేయాలి. రెండేళ్లు లెక్కలు వేశాం. వీధి నేల తగినంత ఎత్తులోనే ఉంది కాబట్టి ముందు గీతే చాలని తేలింది. సొంత ఇల్లుందని ఇలా తేల్చింది అంటారేమోనని ఆ లెక్కలు వేరేవాళ్లతో మళ్లీ మళ్లీ సరిచూపించాను. అవే వచ్చాయి. ఆరోజు ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తయ్య కత్తెర పక్కన పెట్టి, మేడమీద గది వేయిస్తానంది.

"నీకే. ఆ డైనింగ్ టేబుల్ మీద ఇంక నీ మ్యాపులు చూడలేను" అంది. సంతోషం ఆవిడ ముఖంలో దాగలేదు. నా ముఖంలోనూ దాగి ఉండదు.

మేడకి బయటినుంచి మెట్లు వేయాలి. ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా మేస్త్రి పాత రాతిమెట్టు మీద సిమెంటు పోసి గ్రానైటు పలక పరిచేశాడు. బొడిపె దాని కింద పోయింది, పలక పగలగొడితే బొడిపె కూడా కదిలిపోతుంది. సాయంత్రం వచ్చి చూసి నేను ఎగిరిన ఎగురుడికి మేస్త్రి తాపీ చేతిలోంచి జారిపోయింది. అత్తయ్య అప్పటిదాకా ఎవరితోనో కుట్టుకూలి బేరమాడుతూ లోపల ఉండిపోయిందట. బయటికొచ్చి ఆ పలక అంచులు తడిమి చూసింది. "నా వల్ల నీ ఉద్యోగానికి ఏమీ కాదు కదా?" అని అడిగింది. నేను అరిచింది ఎక్కువైందని అప్పుడు అనిపించి, అదేం లేదులెండి అన్నాను.

రూలు ప్రకారం, ఒక బొడిపె పోతే అంత నమ్మకమైన ఇంకో బొడిపె నుంచి కొలుచుకుంటూ వచ్చి కొత్తది పెట్టాలి. వీధిలో చిన్నాచితకా గుర్తులు ఉన్నాయి కానీ అవన్నీ మా మెట్టు నుంచి పుట్టినవే. నిఖార్సైనది ఇంకొక్కటే ఉంది, నది సముద్రంలో కలిసే మొగకి అవతల లైటుహౌసు కింది బండరాయి మీద. అక్కడి నుంచి కొలతని నీళ్లు దాటించి తేవడం తలనొప్పి వ్యవహారం. అందుకే తరతరాలుగా ఎవరూ ఆ జోలికి పోలేదు. ఉపగ్రహాలతో కొలిచే యంత్రం వచ్చినప్పుడు కూడా దాన్ని మా మెట్టు మీద పెట్టి, పుస్తకంలో ఉన్న ఎత్తు దానికి చెప్పి, అక్కడి నుంచే మొదలుపెట్టాం. మెట్టుని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

కొలతకర్ర పట్టుకునే ఆయన్ని మేం నిచ్చెన అంటాం, మనిషి అంత పొడవు. నిచ్చెనా నేనూ పడవ మీద అటూ ఇటూ తిరిగి, బండ నుంచి మెట్టు దాకా కొలుచుకొచ్చాం. లెక్క తేలేసరికి జానెడు తేడా. పైన పరిచిన పలక మందం తీసేసి చూస్తే, మెట్టు పుస్తకంలో ఉన్నదానికన్నా జానెడు కిందుంది. ఎండకి నా బుర్ర చెడిందనుకున్నాను. నిచ్చెన కర్ర తలకిందులుగా పట్టాడని తిట్టాను, పాపం. మళ్లీ కొలిచాం. అదే జానెడు. ఉపగ్రహాల యంత్రాన్ని తీసుకెళ్లి ఈసారి బండరాయి మీద పెట్టి అక్కడి నుంచి అడిగాం. అదీ అంతే చెప్పింది.

బండ దిగదు, దిగింది మా నేలే అని అప్పుడు అర్థమైంది. కరకట్ట కట్టినప్పటి నుంచీ ఇటువైపు నేలకి బురద రావడం ఆగిపోయింది. పంపులు పెట్టి నీళ్లు తోడేస్తున్నాం. నేల ఆరిపోయి, నొక్కుకుపోయి, ఏటికింత దిగుతోంది. మెట్టూ దిగింది, ఇల్లూ దిగింది, వీధీ పొలాలూ పాత కట్టా అన్నీ దిగాయి. మేమేమో దిగుతున్నదాని మీద నిలబడి, దిగుతున్నవాటినే కొలిచి, అంతా ఉన్నచోటే ఉందని రాసుకున్నాం. ముందు గీత పనికిరాదు. జానెడు తగ్గితే, నలభై ఏళ్లకి వస్తుందని లెక్కేసిన నీటిమట్టం పదిహేనేళ్లకే వచ్చి పడుతుంది. అప్పుడు తడినేలా మునుగుతుంది, కట్టా ఆగదు, వీధిలోకి నీళ్లొస్తాయి. వెనక గీత ఒక్కటే దారి.

మా ఆఫీసు పెద్దసారు గదిలోకి వెళ్లి తలుపేసి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. ఈ ప్లాను కోసం పదేళ్లు చెప్పులరిగేలా తిరిగి జుట్టు నెరిపించుకున్నవాడు. నా కాగితాలన్నీ ఒక్కొక్కటే చివరిదాకా చూశాడు. పైవాళ్లు ఒప్పుకున్నది ముందు గీతకనీ, ఇప్పుడు కొలతలే తప్పని వెళితే మొత్తం ప్లానునే అటక మీద పడేస్తారనీ, అది కిందికి దిగేలోపు పాత కట్ట తెగితే ఊరికి గీతా ఉండదు, కట్టా ఉండదనీ అన్నాడు. ఆయన చెప్పిన ప్రతిదీ నిజమే, అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"నేను అబద్ధం చెప్పమనడం లేదమ్మా" అన్నాడు చివరికి. "బొడిపె గ్రానైటు కింద ఉంది. వచ్చే వారం వీధివాళ్ల మీటింగులో ఎవరైనా అడిగితే పుస్తకంలో ఉన్నది చెప్పు. అంతే."

మా ఆయనకి చెప్పాను. ఇంట్లో చెప్పే వీలు లేక డిపోకి వెళ్లి, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఖాళీ బస్సులో కూర్చుని చెప్పాను. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ విన్నాడు. "ఎంత?" అన్నాడు. జాన చాచి చూపించాను. "అమ్మకి నేను చెప్పలేను" అన్నాడు. "నువ్వూ చెప్పకు." మళ్లీ తనే, "చెప్పకుండానూ ఉండకు" అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను కానీ అతని ముఖం చూసి మూసేశాను. జనం ఎక్కడం మొదలుపెట్టారు, నేను దిగిపోయాను.

ఆ వారం నాకు ఊపిరాడలేదు. ఆఫీసులో నోరు మూసుకోవాలి, ఇంట్లోనూ మూసుకోవాలి. నాలాంటిదానికి అంతకన్నా జైలు ఇంకోటి ఉండదు. పొద్దున లేచేసరికి మెట్ల మీద ఇసక, ఇటుకలు, మేస్త్రి రేడియో. మేడ మీద గోడలు మోకాలెత్తు నుంచి భుజమెత్తుకి వచ్చాయి. గోడ పెరిగినప్పుడల్లా కింద నేల ఎంత నొక్కుకుంటోందో అని నా బుర్ర దానంతటదే లెక్కేసేది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి, కిటికీ ఎటు పెట్టించమంటావు అని అడిగింది. ఎటైనా ఒకటే అన్నాను. "ఎటైనా ఒకటేమిటి, సముద్రం వైపు పెట్టిస్తా. నీ చెట్లు మొలుస్తుంటే ఇక్కడి నుంచే చూసుకోవచ్చు" అంది. నేను కిందికొచ్చి బాత్రూములో పంపు తిప్పి ఏడ్చాను. రోజూ భోజనాల దగ్గర ఆవిడ బొడిపె సంగతి ఎత్తేది. ఆఫీసులో ఏమైనా అన్నారా, కోపంగా ఉన్నారా, తను వచ్చి చెప్పాలా అని. లేదత్తయ్యా, లేదత్తయ్యా అంటూ నీళ్లు నమిలేదాన్ని. నిజం చెబితే ఇల్లు పోతుంది, చెప్పకపోతే ఇంట్లో మనుషులు పోతారు.

మీటింగు స్కూలు హాల్లో పెట్టారు. చిన్నపిల్లల బెంచీల మీద వీధి మొత్తం మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. అత్తయ్య ముందు వరుసలో, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. పెద్దసారు గోడ మీద మ్యాపు చూపిస్తూ ముందు గీత గురించి చక్కగా చెప్పాడు. వీధికి ఏ ఢోకా లేదనగానే చప్పట్లు కొట్టారు. అంతా అయిపోతోంది అనుకుంటుండగా మూలింటాయన లేచాడు. ఆయనకి పుట్టుకతోనే అనుమానం. ఆ బొడిపె ఏదో పూడిపోయిందటగా, మరి ఇప్పుడు కొలతలు ఎక్కడి నుంచి తెస్తున్నారని అడిగాడు.

పెద్దసారు నోరు విప్పేలోపే అత్తయ్య వెనక్కి తిరిగింది. ఎవరైనా బొడిపెని తక్కువ చేసి మాట్లాడితే ఆవిడ ఊరుకోదు. "పూడింది నా వల్లే. కానీ మా కోడలు అవతలి బండ దాకా వెళ్లి ఎండలో మాడుతూ మళ్లీ కొలుచుకొచ్చింది. ఏమే, చెప్పు ఆయనకి."

హాలంతా నా వైపు చూసింది. పెద్దసారు కూడా చూశాడు, బతిమాలుతున్నట్టు. అత్తయ్య ముఖం గర్వంతో వెలిగిపోతోంది. ఆ ముఖం చూస్తూ అబద్ధం చెప్పడం నావల్ల కాదని నాకు ఆ క్షణాన తెలిసింది. లేచాను.

"మన మెట్టు పుస్తకంలో ఉన్నంత ఎత్తులో లేదు" అన్నాను. "జానెడు దిగిపోయింది. మెట్టు ఒక్కటే కాదు, వీధి మొత్తం దిగింది. అత్తయ్యా, మీ టేపు మొదట్లో జానెడు ముక్క తెగిపోయిందని తెలియకుండా ఏళ్ల తరబడి దాంతోనే కుట్టారనుకోండి. మేం చేసింది అదే. ముందు గీత మనల్ని కాపాడదు."

మూలింటాయనే మెల్లగా, అయితే వెనక గీతేనా అన్నాడు. అవునన్నాను. అత్తయ్య మెడలో టేపు తీసి, చుట్టి, చేతిలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. తర్వాత హాలు గోలైపోయింది. ఇన్నాళ్లూ ఏం కొలిచారని కొందరు, కట్ట తెగినా కదలమని కొందరు, అసలు మీ మెట్టే మా కొంప ముంచిందని అత్తయ్యతో కొందరు. పెద్దసారు నన్ను ఒక్క మాట అనలేదు. కాగితాలు సర్దుకుంటూ, కొలతలన్నీ బండ నుంచి కొత్తగా తీయించు, పైవాళ్లని నేను చూసుకుంటాను అన్నాడు. పైవాళ్లు ప్లానుని అటకెక్కించలేదు కానీ, వెనక గీతకి మ్యాపులు వానాకాలం లోపు రాకపోతే ఎక్కిస్తామన్నారు.

అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, పక్కకి తిరిగి కూర్చునేది. తగాదా అయినా వేసుకుంటుందేమోనని చంక స్కేలు కావాలనే డైనింగ్ టేబుల్ మీద వదిలేశాను. ఏమీ అనకుండా తీసుకెళ్లి మిషను దగ్గర పెట్టుకుంది. ఇల్లు అమ్ముకుపోదామన్నా ఇప్పుడు ఎవడు కొంటాడు? ఖాళీ చేద్దామన్నా కొత్త ఇళ్లు ఎక్కడో ఇంకా తేలలేదు. వీధి వీధంతా అలాగే ఉంది, ఉండలేక, పోలేక. మా ఆయన మేస్త్రికి పని ఆపమని చెప్పబోతే అత్తయ్యే అడ్డుపడిందట.

"ఖాళీ చేయడానికి ఎన్నేళ్లు పడుతుంది?" అని నన్నే అడిగింది, అన్ని రోజుల తర్వాత.

"నాలుగైదేళ్లు పట్టొచ్చత్తయ్యా."

"ఆ నాలుగైదేళ్లూ డైనింగ్ టేబుల్ మీదే గీస్తావా?" అని మేస్త్రిని కేకేసి, రేకులతోనైనా సరే పైకప్పు వేసి గది పూర్తి చేయమంది. కిటికీ సముద్రం వైపే పెట్టించింది.

ఇప్పుడు ఆ గదిలోనే కూర్చుని గీస్తున్నాను. వెనక గీత అయిపోయింది. మిగిలింది పాయలు. పోటునీళ్లు లోపలికి రావాలంటే పెద్దపాయ ఒకటి తవ్విపెట్టాలి. దాన్ని ఎక్కడపడితే అక్కడ తవ్వితే కుదరదు. నీళ్లు ఎటూ పల్లానికే పోతాయి కాబట్టి అన్నిటికన్నా పల్లమైన చోట తవ్వాలి. కొత్త కొలతల్లో వీధి మొత్తానికి పల్లమైన చోటు మా మెట్టు. నేను రెండుసార్లు కాదు, పదిసార్లు చూశాను. సముద్రం వైపు నుంచి పాయని మా ప్రహరీ దాకా తెచ్చాను. వెనకవైపు నుంచి పక్కింటి దొడ్డి దాకా తెచ్చాను. మధ్యలో మా ఇల్లంత జాగా ఖాళీగా వదిలేశాను. వారం నుంచి అది అలాగే ఉంది. అత్తయ్య రోజూ టీ తెచ్చి, అయిందా అని అడుగుతుంది. ఇంకా లేదత్తయ్యా అంటాను.

ఇవాళ టీ పెట్టి వెళ్లిపోలేదు. కళ్లజోడు పెట్టుకుని మ్యాపు మీదికి వంగింది. మ్యాపులు ఆవిడకి కొత్త కాదు, ఇన్నేళ్లు ఆ టేబుల్ మీంచి తీసి మడతపెట్టింది ఆవిడే. వీధిని వేలితో వెతుక్కుంటూ వచ్చి ఆ ఖాళీ మీద ఆపింది.

"నువ్వు మొదటిసారి వచ్చిన రోజుకే దిగి ఉందా?" అంది.

"చాలావరకు దిగే ఉంటుంది."

"అప్పుడే తెలిసుంటే?"

"అప్పుడే వీధి ఖాళీ చేయించేవాళ్లం అత్తయ్యా. నేను నా లెవెల్ మిషను సర్దుకుని వెళ్లిపోయేదాన్ని."

ఆవిడ కిటికీలోంచి చూసింది. పోటు వేళ, పాత కట్ట అవతల నీళ్లు నిండుగా ఉన్నాయి. కిందికి వెళ్లింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. కుట్టుమిషను సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. మళ్లీ మెట్లెక్కి వచ్చి, చంక స్కేలు మా ఇంటి మీద అడ్డంగా పెట్టింది. వంపు ఒక చివర ప్రహరీ దగ్గర ఆగిన గీతకీ, రెండో చివర పక్కింటి దొడ్డి దగ్గర ఆగిన గీతకీ కలిసేలా కొంచెం జరిపి, కదలకుండా రెండు చేతులతో రెండు చివర్లూ నొక్కిపట్టింది.

"గీయి" అంది. "మధ్యలో ఆపకు, ఆపితే వంపు చెడుతుంది."

పెన్సిలు అందుకుని గీశాను.